ఒక చీర, మూడు మడతలు, ఒక మంచం



ఇవాళ బొంతల గురించి చెప్పుకుందాం. ఉయ్యాలలో వేసే చిట్టి బొంత కాదండీ, మంచం నిండా పరిచే బొంత. పొడుగాటి మనిషి కాళ్ళు బారజాపుకుని పడుకున్నా మడమలు బయటికి రాని బొంత. అలాంటిది ఇంట్లో కూర్చుని, తీరిక వేళల్లో, మన చేత్తో మనం ఎలా కుట్టుకోవచ్చో చెబుతాను. రాసుకోవడానికి కాగితం వెతుక్కోకండి. అసలైన ముక్కలు రెండు మూడే. వాటిని మళ్ళీ మళ్ళీ చెబుతాను.

మొదటిది ఒక లెక్క. మామూలు చీర పొడవు అయిదున్నర మీటర్లు. అంటే 18 అడుగులు. దాన్ని మూడు మడతలు పెట్టండి. 6 అడుగులొస్తుంది. పన్నా ఎలాగూ నాలుగడుగులకు కొంచెం తక్కువ. ఇప్పుడు ఒక మనిషి పడుకునే మంచం చూడండి. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు. మడత పెట్టిన చీర దాని మీద చక్కగా అమరుతుంది. రెండు పక్కలా నాలుగేళ్ళ మేర వేలాడుతుంది కూడా. ఒక చీర, మూడు మడతలు, ఒక మంచం. ఇదే లెక్క.

మూరల్లో చెబితే ఇంకా బాగా కుదురుతుంది. మూర అంటే అడుగున్నర. మంచం నాలుగు మూరలు. చీర పన్నెండు మూరలు, కాబట్టి మూడు పొరలు. మగవాళ్ళ పంచె ఎనిమిది మూరలు, కాబట్టి రెండు పొరలు. లుంగీ నాలుగు మూరల పైచిలుకు, ఒక పొర. నేతగాడు మంచం కొలత చూసి మగ్గం మీద చీర ఎక్కించాడని నేననను. కానీ ఈ కొలతలు ఇంతగా కలిసిరావడం వల్లే, చేతికి కత్తెర అలవాటు లేని ఆడవాళ్ళు కూడా మన ఇళ్ళల్లో తరతరాలుగా బొంతలు కుట్టారు. మడత పెట్టడం వస్తే చాలు. సగం పని అయిపోయినట్టే.

ఒక చీర బొంత పల్చగా ఉంటుంది. ఎండాకాలం పక్కకు అది చాలు. ధనుర్మాసం చలికి కప్పుకోవాలంటే రెండు చీరలు, ఆరు పొరలు. గుడివాడ, కైకలూరు వైపు వాళ్ళకు ఆ తెల్లవారుజాము మంచు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒక్కో రోజు ఎదురింటి గోడ కూడా కనబడదు. మనది ఉక్కపోత సీమే, ఒప్పుకుంటాను. అయినా ఆ నెలా నెలన్నర మాత్రం బొంతలో ముడుచుకుంటాం. మిగతా కాలమంతా అదే బొంత కిందికి దిగుతుంది. నులక ఒత్తుకోకుండా మంచం మీద పక్కవుతుంది. చాప మీద పరుపవుతుంది. చుట్టాలొచ్చిన రోజున అటక మీది నుంచి దిగుతుంది. అందుకే నా మటుకు నేను, బొంతను దుప్పటి జాతిలో కంటే పరుపు జాతిలోనే వేస్తాను.

ఇక రెండో ముక్క. బొంతకు పాత గుడ్డే కావాలి. పాతది, నూలుది. పేదరికానికో పొదుపుకో చెబుతున్న మాట కాదిది. పనితనం కోసం చెబుతున్నాను. కొత్త నూలు గుడ్డను తడిపితే కుంచించుకుపోతుంది. పాత చీర ఎంత కుంచించుకుపోవాలో అంతా ఎప్పుడో పోయింది. రెండూ కలిపి కుట్టారనుకోండి. మొదటి ఉతుకులోనే కొత్త పొర ముడుచుకుంటుంది. పాత పొర ఉబ్బుతుంది. ఆ ముడతల మీద పడుకుని లేస్తే వీపు మీద చారలు తేలతాయి. కొత్త గుడ్డ వాడక తప్పదనుకుంటే, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు ఉతికి ఆరేశాకే పాతదానితో కలపండి.

నైలాను, పాలిస్టరు చీరలు పక్కన పెట్టేయండి. చెమట పీల్చవు. పొరల మధ్య జారిపోతాయి. పెట్టుబడి చీరలని బీరువా నిండా ఉంటాయి చూశారూ, అవే. మనం కట్టుకోం, మళ్ళీ ఒకరికి పెట్టలేం. పోనీ బొంతకైనా వాడదామనిపిస్తుంది. అనిపించినా వాడకండి.

మరి ఇప్పటి ఇళ్ళల్లో నూలు చీరలెక్కడివి అంటారేమో. నిజమే, తగ్గాయి. కానీ నైటీలు నూలువే. పాత నైటీ కుట్లు విప్పితే మంచి గుడ్డొస్తుంది. లుంగీలు, పంచెలు, పాత దుప్పట్లు, దిండు గలీబులు, అన్నీ పనికొస్తాయి. ముక్కలైనా ఫరవాలేదు. ముక్కలన్నీ మధ్య పొరకు వాడండి. అతుకుల బొంత అని రాజకీయ నాయకులు ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటుంటారు గానీ, సరిగ్గా కుట్టిన అతుకుల బొంత అంత తేలిగ్గా చిరగదు.

పాత గుడ్డ కావాలన్నాను కదా. పాత గుడ్డ ఉండాలంటే ఆ ఇల్లు కొన్నేళ్ళ పాటు ఒక చోట నిలబడి ఉండాలి. మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది. దాదాపు ముప్ఫై వేలమంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. అలాంటి ఉప్పెన తర్వాత ప్రాణాలతో మిగిలినవాళ్ళకు కట్టుబట్టలే మిగిలాయి. బీరువాలో పాత చీర, అటక మీద పాత బొంత అనే మాటే లేదు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం మీదపడ్డ ఊళ్ళలో 1977కు ముందు కుట్టిన బొంత ఎవరింట్లోనైనా కనబడితే ఆశ్చర్యపోవాల్సిందే. అక్కడ ఇవాళ ఒక పెద్దావిడ తన పాత చీరలతో మంచమంత బొంత కుడుతోందంటే, ఆ ఇంట్లో మళ్ళీ చీరలు పాతబడేంత కాలం గడిచిందన్నమాట.

సరే, చీరలు ఏరుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

ముందు ఫాల్ ఊడదీయండి. ఉంచేస్తే ఆ అంచు దగ్గర మందం రెట్టింపై సూది దిగదు. జరీ అంచుంటే అదీ తీసేయండి. ఒంటికి గీసుకుంటుంది. ఫాల్ ఊడదీశాక ఆ పట్టీ కిందున్న చోటు ఒకసారి వెలుగులో పెట్టి చూడండి. చీర కొన్న రోజున ఏ రంగో, ఇంచుమించు అదే రంగు అక్కడ దాక్కుని ఉంటుంది. మిగతా చీరంతా ఉతికి ఉతికి వెలిసిపోయిన వంగపండు రంగు. ఆ నాలుగేళ్ళ మేర మాత్రం నిగనిగలాడే వంగపండు. ఇంట్లోవాళ్ళంతా వచ్చి చూస్తారు. ఇది ఫలానా వాళ్ళ పెళ్ళికి కొన్న చీరని ఒకరంటారు. కాదు, సంక్రాంతికి కొన్నదని ఇంకొకరంటారు. ఆ వాదన తెమిలేలోగా మీరు రెండో చీర ఫాల్ కూడా ఊడదీసేయొచ్చు. ఆ ముదురు పట్టీని మాత్రం లోపలికి పోనివ్వకండి. బయటికి కనబడేటట్టు ఉంటే, ఎవరూ నేయని ఒక చార మీ బొంతకు వస్తుంది.

తర్వాత గంజి పోయేదాకా ఉతకండి. గంజి ఉంటే పురుగు చేరుతుంది. మన చెమ్మగాలికి మరీను. రంగు దిగుతుందేమో చూసుకోండి. తడి చేసిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. బాగా ఎండబెట్టండి.

ఇప్పుడు పరవడం. దీనికి ఇద్దరు కావాలి. నేల శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. ఫ్యాను ఆపేయండి. ఈ మాట నవ్వులాటకు చెప్పడం లేదు. ఫ్యాను తిరుగుతుంటే పల్చటి నూలు పొర కుదురుగా ఉండదు. చీరను మూడు మడతలుగా, కొంగు పైకి వచ్చేటట్టు పరవండి. ఇందులో ఒక సుళువుంది, వినండి. చీర ఎక్కడ ముందు నలుగుతుంది? కుచ్చిళ్ళ దగ్గర. కుచ్చిళ్ళు వచ్చేది దాదాపుగా చీర నడిభాగంలో. మూడు మడతలు పెడితే ఆ నడిభాగం దానంతటదే మధ్య పొరలోకి పోతుంది. పైన కొంగు. అడుగున లోపల దోపుకునే కొస, అదెప్పుడూ పెద్దగా నలగదు. చిరుగులున్న పొర నడుమ చిక్కుతుంది. ఒక చీర, మూడు మడతలు, చిరుగు లోపలికి.

నాలుగు మూలలా బరువు పెట్టండి. పొత్రమో, ఇత్తడి చెంబో, ఏదుంటే అది. అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమరండి. గాలి, ముడతలు బయటికి పోవాలి. ఇప్పుడు జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసేయండి. నడుమ ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ఆ తర్వాత అంచుల వైపు. ఇవి చివర్లో పీకేసే కుట్లు. పొరలు కదలకుండా పట్టుకోవడమే వీటి పని. ఈ టాకాలు బద్ధకించి మానేస్తే, సగం కుట్టాక పై పొర ఒక వైపుకు, కింది పొర ఒక వైపుకు పోతాయి. అప్పుడిక విప్పుకోవడమే.

పైన ఏ గుడ్డ వేయాలన్నది మీ ఇష్టం. కొంగే చాలు. కానీ బందరు మనిషిగా నాకో పక్షపాతం ఉంది, చెప్పకుండా ఉండలేను. పెడన అద్దకం దుప్పటి ఇంట్లో పాతబడి ఉంటే దాన్ని పై పొరగా వేయండి. పాత పద్ధతిలో చేసిన కలంకారీ గుడ్డ ముందు కరక్కాయ నీళ్ళలో మునుగుతుంది. ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నల్లటి ద్రావకంతో గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. తర్వాత రంగు చెక్కలతో కాగులో ఉడికిస్తారు. కాలువలో పారే నీళ్ళలో జాడిస్తారు. ఇన్ని నీళ్ళు చూసిన గుడ్డ మీ ఇంటి ఉతుక్కి సులువుగా రంగు వదలదు. రసాయన రంగులతో అచ్చు కొట్టింది మాత్రం వేరే సంగతి. తడిగుడ్డతో రుద్ది చూసుకోండి.

మంచం మీద పరిచే గుడ్డకూ బందరుకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదండీ. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు బందరులో దిగారు. 1611లో ఇంగ్లీషువాళ్ళొచ్చారు. వచ్చింది బట్ట కోసం. ఇక్కడి నుంచి, మన తీరం పొడుగునా ఉన్న రేవుల నుంచి ఓడలెక్కిన సరుకులో మంచమంత అద్దకం దుప్పట్లు ఉండేవి. వాటిని పాలంపోర్లు అనేవారు. నడుమ కొమ్మలు చాచిన పెద్ద పూలచెట్టు, చుట్టూ లతల అంచు. వాటి మీద యూరపువాళ్ళకు ఎంత మోజు పుట్టిందంటే, ఉన్నీ పట్టూ నేసే వాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సులో 1686లోనే అద్దకం బట్టను నిషేధించారు. ఇంగ్లండులో 1721లో చట్టం చేశారు. అద్దకం నూలు బట్ట కట్టుకోకూడదు. ఇంట్లో మంచానికి, కుర్చీకి, కిటికీకి కూడా వాడకూడదు. మంచం మీద పూల దుప్పటి పరుచుకుంటే నేరమన్నమాట!

ఇలాంటి గుడ్డ దొరికినవాళ్ళు పీలిక కూడా పారేయలేదు. పువ్వుల్ని పువ్వులుగా చుట్టూ కత్తిరించి, తెల్లగుడ్డ మీద అతికి కుట్టి, బొంతలకు పై పొర చేసుకున్నారు. ఉత్తర ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే పాత భవంతి ఉంది. అక్కడ సుమారు 1708 నాటిదని చెప్పే బొంత ఒకటుంది. అందులోవి భారతదేశపు అద్దకం ముక్కలే. దొరల ఇంట్లో కూడా చివరికి అతుకుల బొంతే. మన మామ్మలు వేరే గుడ్డ మీద వేరే చోట కూర్చుని ఆ పనే చేశారు. కాకపోతే ఆ దొరసానుల బొంతలు మ్యూజియాల్లోకి వెళ్ళాయి. మామ్మల బొంతలు నలిగి, చిరిగి, చివరికి మసిగుడ్డలయ్యాయి. నాకేమీ బాధ లేదు. వాడుకోవడానికే కుట్టింది.

మళ్ళీ మన పనిలోకి వద్దాం. కుట్టు.

ఇది చాలా సులువైన కుట్టు. సూది పైకి, కిందికి, పైకి, కిందికి. అంతే. కానీ రెండు నియమాలున్నాయి. మొదటిది, నడుమ మొదలుపెట్టి అంచులకు పోవాలి. రెండోది, కుట్టు వడ్లగింజంత ఉండాలి. నడుమ నుంచి అంచుకు, వడ్లగింజంత కుట్టు.

నడుమ నుంచి ఎందుకంటే, ఎంత నిమిరినా పొరల్లో కొంచెం వదులు మిగిలే ఉంటుంది. కుడుతున్న కొద్దీ అది ముందుకు జరుగుతూ ఉంటుంది. అంచుకు చేరితే బయటికి పోతుంది. నాలుగు అంచుల నుంచీ లోపలికి కుట్టుకుంటూ వస్తే ఆ వదులంతా నడుమ బుడగలా నిలిచిపోతుంది. 

వడ్లగింజంత ఎందుకంటే, కుట్టు పొడుగైతే కాలివేలు తగులుకుంటుంది. ముఖ్యంగా మెట్టె. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఇది బాగా తెలుసు. నిద్రలో కాలు కదిపితే మెట్టె పొడుగు కుట్టులోకి దూరుతుంది. కాలు లాగితే పటుక్కున దారం తెగుతుంది. ఒక కుట్టు తెగితే ఆ వరుసంతా వదులవుతుంది. అందుకే పాత బొంతల్లో ముందు పాడయ్యేది కాళ్ళ వైపే. మీరు కుట్టేటప్పుడు కాళ్ళ వైపు మూరెడు మేర కుట్టు ఇంకా చిన్నది చేయండి. వంకరపోతే పోనివ్వండి. వంకర కుట్టు ఎవరినీ నొప్పించదు. పొడుగు కుట్టే నొప్పిస్తుంది.

దారం నూలుదే వాడండి. రెండు మూరలకు మించి తీయకండి. చిక్కుపడుతుంది. మైనం ముక్క మీద ఒకసారి లాగితే గుడ్డలోకి జారుగా దిగుతుంది. ముడిని పైన వదిలేయకుండా చిన్నగా గుంజి పొరల మధ్యకు పంపండి. సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించుకుని అప్పుడు లాగండి. మరీ బిగించకండి. వరుసకూ వరుసకూ రెండు వేళ్ళ ఎడం చాలు. సూదిని నెట్టే వేలికి అంగుస్తానా పెట్టుకోండి. లేకపోతే ఓ గుడ్డ పీలిక చుట్టుకోండి.

నాలుగైదు వరుసలు అయ్యాక కళ్ళు మూసుకుని చేత్తో తడమండి. వరుసల మధ్య గుడ్డ కొంచెం పొంగి, సన్నని గట్లు తగులుతాయి. ఆ పొంగులో గాలి నిలుస్తుంది. బొంత వెచ్చదనమంతా ఆ గాలిదే. దూది లేకుండా, ఉన్ని లేకుండా, వట్టి పాత చీరలు చలి ఆపేది ఇలాగే. మరీ బిగించి కుడితే ఆ గాలికి చోటుండదు. బొంత అట్టకట్టినట్టవుతుంది.

మిషను మీద కుట్టొచ్చా అని అడుగుతారు. అతుకులు వేసుకోవడానికి మిషను మంచిదే. కానీ మంచమంత బొంతను మిషను చేయి కింద దూర్చడం పెద్ద కుస్తీ. రెండు పక్కలా చుట్టుకుంటూ, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తొక్కుతూ పోవాలి. అయినా పని తొందరగా తెమలడమే కావాలంటే బజార్లో రజాయిలు దొరుకుతున్నాయి కదా! ఇది సరదాకు చేసే పని. రోజుకో గంట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఒడిలో బొంత వేసుకుని, పక్కన రేడియో పెట్టుకుని. సార్వా కోతలైపోయాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించే ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు.

డబుల్ కాట్ సంగతి చెప్పాలి. దానికి లెక్క కాస్త మారుతుంది. చీరను అడ్డంగా రెండు సమభాగాలు చేయండి. ఒక్కోటి ఆరు మూరలు, అంటే 9 అడుగులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి అంచులు కలిపి కుట్టండి. వెడల్పు ఏడున్నర అడుగులొస్తుంది. ఇది ఒక పొర. కాబట్టి డబుల్ కాట్ బొంతకు మూడు పొరలంటే మూడు చీరలు. ఒంటి మంచానికి ఒక చీర, పెద్ద మంచానికి మూడు చీరలు. నడుమ అతుకులన్నీ ఒకే గీత మీద పడకుండా ఒక్కో పొరను బెత్తెడు పక్కకు జరపండి. మిగిలిన గుడ్డను కత్తిరించేయకుండా చుట్టూ మడిచి అంచు కట్టండి. కాళ్ళ వైపు ఎక్కువ మడవండి. కారణం ఇందాకే చెప్పాను, మెట్టెలు.

ఇది ఆడవాళ్ళ పనే అనుకుంటున్న అన్నయ్యలకు ఒక మాట. గిలకలదిండి రేవుకు వెళ్ళి చూడండి. వలలు బాగుచేసుకునే మగవాళ్ళ చేతుల్లోనూ దారమే ఆడుతుంది. పెడనలో అద్దకం అచ్చు పట్టుకున్న చేతుల్లో మగవాళ్ళవీ ఉన్నాయి. పరిచేటప్పుడు రెండో మనిషి కావాలన్నాను గుర్తుందా? అక్కడ మొదలుపెట్టండి.

పాత గుడ్డను పొరలుగా పేర్చి కుట్టుకోవడం ప్రపంచమంతా ఉన్న విద్య. బెంగాల్లో దాన్నే కాంథా అంటారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీలని ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ బొంత పేరు కవంది. మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట గుండ్రంగా తిరుగుతూ నడుమకు వస్తారు. అంటే నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు! వాళ్ళు పొరలన్నీ ఒకేసారి పరవరు. ముక్కలను ఎప్పటికప్పుడు అతుకుతూ, సరిచేసుకుంటూ పోతారు. అందుకే వాళ్ళకు బుడగ రాదు. చివర్లో నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ పువ్వులు కుడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదట.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది మెలిక తిరిగే చోట గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనిలో చినిగిన ప్యాంట్లతో, చొక్కాలతో బొంతలు కుట్టేవారు. చలికి కప్పుకోవడానికే. 2002లో వాటిని హ్యూస్టన్ నగరంలో మ్యూజియం గోడలకు వేలాడదీశారు. జనం చిత్రాలను చూసినట్టు చూశారు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలం ప్యాంటు ముక్క తపాలా బిళ్ళకెక్కింది.

అమెరికా అంటే గుర్తొచ్చింది. గుడివాడ చుట్టుపక్కల చాలా ఇళ్ళ నుంచి అమ్మలు పురుళ్ళకు విమానం ఎక్కుతున్నారు. పచ్చళ్ళతో పాటు పెట్టెలో పొత్తిగుడ్డలూ ఓ బొంతా పెడుతున్నారు. మూడు చీరల బొంత కిలోన్నర దాకా తూగుతుంది. 23 కిలోల పెట్టెలో అది తక్కువేం కాదు. తీసుకెళ్ళండి, కానీ ఒక జాగ్రత్త. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే తొట్టెలో బొంతా దిండూ ఏవీ వద్దని అక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఊపిరికి అడ్డం పడతాయని. వాళ్ళ మాట వినండి. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కన ఉన్నప్పుడు నేల మీద పరిచి ఆడించండి. తల్లి మంచానికి కావాలంటే పెద్ద బొంతే కుట్టి ఇవ్వండి.

ఇక ఉతకడం. తడిసిన బొంత చాలా బరువు. ఇద్దరు పట్టి పిండాల్సిందే. బందరులో, దివిసీమలో చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, గుడ్డ బిరుసెక్కుతుంది. ఉతకడం ఎక్కడ ఉతికినా, ఆఖరు జాడింపు మాత్రం మంచినీళ్ళలో చేయండి. వేసవికి కాలువలు కట్టేయక ముందే బొంతలు ఉతికి ఆరబెట్టేసుకోవడం మంచిది. దండెం మీద ఒకే మడతగా వేస్తే నీటి బరువుకు నడుమ సాగిపోతుంది. రెండు దండేల మీద పరిచినట్టు వేయండి. పూర్తిగా ఎండాకే మడవండి. మడతల్లో ఎండిన వేపాకు వేయండి.

కొన్నేళ్ళకు పై పొర చిరుగుతుంది. చిరగాలి కూడా. అప్పుడు బొంతను పారేయకండి, విప్పకండి. ఉతికి ఎండబెట్టి, దాని మీదికి ఇంకో పాత చీర, కిందికి ఇంకో పాత చీర వేసి, మళ్ళీ నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. పాత బొంత కొత్త బొంతకు లోపలి పొరవుతుంది. ఇలా రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు చేయొచ్చు. ఆ పైన సూది దిగదు, మనుషులు మోయలేరు. అప్పుడు దాన్ని వాకిట్లో నవారు మంచానికి ఇచ్చేసి, మళ్ళీ మొదటికి రండి. ఒక చీర, మూడు మడతలు.

ఈ వారమే మొదలుపెట్టేవాళ్ళు కొత్త సూది కొనడానికి బజారుకు పరిగెత్తకండి. ముందు బీరువాలో అడుగున ఉన్న నూలు చీర ఒకటి బయటికి తీసి, సాయంత్రం లోపు దాని ఫాల్ ఊడదీయండి. ఉతుకు రేపు చూసుకోవచ్చు.